మెడ ఎత్తున తీగ

వెంకటరమణప్ప చేసిన చివరి మామూలు పని, మజ్జిగ తెచ్చిన పక్కింటి ఆదెమ్మను "తల, తల" అని హెచ్చరించడం. ఆమె ఒంగి తీగ దాటి, చెంబు దించి చూసేసరికి ఆయన కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు.

పుంగనూరులో రేడియోలో మాట్లాడే లైసెన్సు ఉన్నది ఆయనొక్కడికే. ఆ రేడియోకు కావలసిన తీగను మాత్రం పెరటికి అడ్డంగా, మనుషుల మెడ ఎత్తున కట్టుకున్నాడు. మాట్లాడేటప్పుడు ఎవరైనా దాన్ని తాకితే చుర్రుమంటుంది. అందుకే రోజంతా ఆ కేక.

బావుల మోటార్లకు రాగి తీగ చుట్టడం ఆయన వృత్తి. కాలిపోయిన మోటార్ల తీగతో యాంటెన్నాలు కట్టడం పిచ్చి. పెళ్లికి పోతే పెళ్లికూతుర్ని వదిలేసి పందిరి గుంజల ఎత్తు చూసేవాడు. అత్తగారి ఊరు గంగవరంలో ఒకసారి టెంకాయచెట్టును చూసి "బాగుండాది" అన్నాడు. పాపం, అత్తగారు కాయలన్నీ దింపించి మూట కట్టింది. "కాయలు యాలమ్మా? చెట్టు బాగుండాదన్నా" అన్నాడు.

అంతటి మనిషి సొంత ఇంట్లో తీగ పైకి లేవలేదు. మూడు ఇనుప పైపులు అతికించి నిలువు యాంటెన్నా ఒకటి చేశాడు గానీ, అది గోడవార పడుకునే ఉండేది. దానిమీద కాకరపాదు కూడా అల్లుకుంది.

"అది నిలబడేదెప్పుడు?" అనేది భార్య బయ్యమ్మ.

"దానికి నడుము నొప్పి."

మదనపల్లె నుంచి షంషుద్దీన్ వచ్చినప్పుడల్లా ఇదే వేళాకోళం. అతనిది కూడా రేడియో పిచ్చే. అతని పైపు మిద్దెమీద నిటారుగా నిలబడింది.

"నిన్న నాకు జపానోడు పలికినాడప్పా. నీకెవురు పలికినారు?"

"కుప్పం."

"కుప్పానికి బస్సుండాది గదప్పా."

వీధంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడు. బయ్యమ్మకే మనసు చివుక్కుమనేది. ఆయనకు బద్ధకమనే అనుకుంది. అందుకే కర్మాంతరం కాగానే షంషుద్దీన్‌ను పిలిపించింది.

"బతికుండగా లేవలా. పోయినాకైనా ఆ పైపు నిలబెట్టప్పా. ఈదిలో అందరూ సూడాల."

షంషుద్దీన్ గడ్డపార అందుకున్నాడు. నాలుగు పోట్లు వేసి ఆగాడు. "ఈడ ముందే ఎవురో గుంత తవ్వి పూడ్సినారమ్మా. రాళ్లు, పెంకులు వస్తాండాయి."

"పందికొక్కు. ఆ పొద్దు నేను గంగవరంలో ఉన్న్యా. వచ్చి సూస్తే ఈయన గుంత పూడుస్తా ఉండాడు. అడిగితే పందికొక్కనె. వారం దినాలు బోను పెట్టిస్తి. దాంట్లో పెట్టిన వడ తిని తప్పించుకునేది, దొంగముండ."

అప్పుడే పెరటి తలుపు తోసుకుని ఒక కొత్త మనిషి వచ్చింది. చేతిలో బస్సు సంచి. ఎవరూ చెప్పకుండానే తల వంచి తీగ దాటింది.

"తీగ బాగానే ఉండాదే," అంది. "తెగిపోయిందేమో సూసి రమ్మన్నాడు మా ఆయన. కుప్పం నుంచి వస్తాండా. గొంతు వినపడి శానా దినాలాయె." అప్పుడు ఆమె చూపు బయ్యమ్మ బోసి నుదుటి మీద పడింది. సంచి కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది.

ఆమె పేరు గంగులమ్మ. భర్త కుప్పుస్వామి రైల్వేలో తంతి పంపే ఉద్యోగి. కాళ్లు పడిపోయి మంచం పట్టాక అతనికి రేడియో ఒక్కటే తోడు.

"తీగ ఉందని నీకెట్ల తెలిసె?" అంది బయ్యమ్మ.

"దినామూ వినేదే గదమ్మా. మాట్లాడతా మాట్లాడతా మద్దెలో తల, తల అంటాడు. మా ఆయన పండుకున్నోడు పండుకున్నట్టే తల వంచుతాడు."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. ముగ్గురూ నవ్వారు.

గోడవార ఉన్న పైపు గంగులమ్మ కంటబడింది. "ఇదేనా? మీ ఆయన మా ఇంటి పెంకుల మీద తీగ కట్టడానికొచ్చినప్పుడు గడప కాడ నాకు సెప్పినాడు, మా ఆయనకు తెలీకుండా. కిందుగా కట్టిన తీగ మాట పైకెగిరి దగ్గర్లోనే పడతాదంట. నిలబెట్టిన పైపు మాట మా ఊరి మీదుగా దూకి యాడికో పోతాదంట. రేడియోకు ఒగసారికి తగిలించేది ఒగదాన్నే. జపానోడు వచ్చేది పొద్దుగూకినాక, మా ఆయన కాసుకోని ఉండేదీ అప్పుడే."

"అయితే ఆయప్ప దీన్ని ఎప్పుడూ లేపలేదా?" అన్నాడు షంషుద్దీన్.

"ఒగసారి లేపినాడంట. ఈయమ్మ పుట్టింట్లో ఉన్నప్పుడు. జపానోడు పలికినాడంట. మా ఆయన పలకలేదంట. తెల్లార్తానే దించేసినాడంట."

షంషుద్దీన్ గడ్డపార గోడకు ఆనించాడు. తీగ కిందికి పోయి దాని ఎత్తు తన మెడతో కొలుచుకున్నాడు.

"అమ్మా, కాలిన మోటారు తీగ ఏమన్నా మిగిలుండాదా? మా పెరట్లో కట్టుకుంటా. మెడ ఎత్తున. మా ఇంటామె రజియా నా మెడ ఇరస్తాది, ఇరవనీ."

ఇద్దరినీ బస్సెక్కించి వచ్చి బయ్యమ్మ గుంత పూడ్చడానికి కూర్చుంది. అవే రాళ్లు, అవే పెంకులు. పక్కనే మూలన ఆ పాత బోను. పందికొక్కు ఉంటే గదా వడ తినడానికి. వారం రోజులు తన ఎదుటే బోనులో వడ పెట్టి, పొద్దున్నే తాను లేవకముందే తినేసింది ఆయనే.