అల్ ఖువైర్‌లో మక్క రొట్టె

ఆ గ్రాసరీలో నేను మొదటిసారి అడుగు పెట్టింది టైల్స్ వేయడానికి. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మంత్రుల ఆఫీసుల పెద్ద భవనాల వెనక, ఫ్లాట్ల మధ్య ఒక సందులో ఉంటుంది ఆ దుకాణం. గుమ్మం దగ్గర ఉల్లిగడ్డల పెట్టెలు, బియ్యం సంచులు. లోపల సబ్బులు, పాల డబ్బాలు, కేరళ అరటికాయ చిప్స్. సేటు మలయాళీ. దుకాణం వెనక పాత సామాను పడేసే గదిని ఖాళీ చేసి, చిన్న హోటల్ పెట్టుకోవడానికి ఒకామెకు ఇచ్చాడు. వంటగట్టు కట్టాలి, పొయ్యి వెనక గోడకు టైల్స్ వేయాలి. నాలుగు రోజుల పని. మా కంపెనీ నన్ను పంపింది.

ఆమెకు యాభై పైనే ఉంటాయి. పొట్టి మనిషి. ఒకే జడ, నెరిసిన వెంట్రుకలు, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. నేను ఏ ఫిలిప్పీన్స్ మనిషో అనుకున్నాను. మెక్సికో అని సేటు చెప్పాడు. ఒమానీ మనిషిని పెళ్లి చేసుకుని ఇరవై ఏళ్ల కింద ఇక్కడికి వచ్చిందట. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఇంట్లో వండే వంట బయట పదిమందికి పెట్టాలనుకుంది.

"పెద్ద మాల్‌లో పెట్టుకోమన్నాను. వినలేదు," అన్నాడు సేటు హిందీలో. "వాళ్ల ఊళ్లో మంచి తిండి దొరికేది మార్కెట్ లోపలేనట. కూరగాయల కొట్ల మధ్యనే పొయ్యి పెడతారట. వాళ్లమ్మ కూడా అట్లనే వండి అమ్మిందట."

రెండో రోజు గట్టు కట్టి సిమెంటు పూస్తుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. చేతులు గట్టు మీద ఆనించి, ఏదో పిసుకుతున్నట్టు కదిలించింది. భుజాలు చెవుల దాకా లేచాయి. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కంపెనీ ఇచ్చిన కొలత ప్రకారమే కట్టాను, కానీ ఆ కొలత నా అంత ఎత్తు మనిషికి. ఆమె వెళ్లిపోయింది. అది నన్ను పట్టుకుంది. రోజంతా అక్కడ నిలబడాల్సింది ఆమె కదా. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పై వరస తీసేసి నాలుగు వేళ్లు తగ్గించి మళ్లీ కట్టాను. మర్నాడు పొద్దున వచ్చి చూసి, మళ్లీ అట్లాగే చేతులు ఆనించి పిసికింది. ఈసారి భుజాలు లేవలేదు. నా చెయ్యి పట్టుకుని ఊపింది. సిమెంటు అంటిందని కూడా చూసుకోలేదు.

పని అయిపోయిన వారానికి సేటు ఫోన్ చేశాడు. మేడం రమ్మంటోంది, తిండికి.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక దుకాణాలు తెరిచే వేళకు వెళ్లాను. సగం రోజు ఓవర్‌టైమ్ చేసి సైట్ నుంచి నేరుగా వెళ్లడం వల్ల కంపెనీ బట్టల మీదే ఉన్నాను. నాలుగు టేబుళ్లు. ఒక దాని దగ్గర పాదాల దాకా తెల్ల దిష్దాషా వేసుకున్న ఒమానీ పెద్దమనిషి ఒకాయన తింటున్నాడు. నేను బియ్యం సంచుల దగ్గరే నిలబడ్డాను. పార్సిల్ కట్టిస్తే రూమ్‌కు పోయి తిందామని నా ఆలోచన. ఆమె గట్టు వెనక నుంచి వచ్చి కుర్చీ లాగి, కొంగులాంటి తన వంట గుడ్డతో తుడిచింది. పెద్దమనిషి తన ప్లేటు కాస్త పక్కకు జరిపి "తఫద్దల్" అన్నాడు, దయచేయమని. కూర్చున్నాను.

మొదట గుడ్డలో చుట్టిన రొట్టెలు వచ్చాయి. అరచేయి కంటే కొంచెం పెద్దవి, గుండ్రనివి, పొగలు కక్కుతున్నవి. తర్వాత ఎండుమిరపకాయల గుజ్జులో ఉడికించిన మేకమాంసం, ఉడికించి మెదిపిన నల్ల చిక్కుడు గింజలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మచెక్క. చిన్న గిన్నెలో తొక్కు. టమాట, పచ్చిమిర్చి నిప్పుల మీద కాల్చి రాతి రోట్లో నూరింది. ఆ వాసన తగలగానే నాకు ఎక్కడున్నానో ఒక్క క్షణం మరుపొచ్చింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. మక్కజొన్న.

మా వైపు మక్క గట్క, అంటే మక్కజొన్న రవ్వతో వండే సంకటి, తిని పెరిగిన చివరి పిల్లల్లో నేనొకణ్ణి. బోర్లు పడి, వరి వచ్చి, అన్నం అందరికీ దొరికాక గట్క పేదతనానికి గుర్తయిపోయింది. చుట్టాలు వస్తే గట్క కుండ మూత పెట్టి మూలకు జరిపేవాళ్లు. మా చేన్లో ఇప్పటికీ మక్కలే వేస్తాం, కానీ ఇంట్లో ఎవరం తినం. ముప్పై ఏళ్ల తర్వాత ఒమాన్‌లో, కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ విప్పి మక్క రొట్టె పెట్టింది ఆమె. ఆరు తిన్నాను. ఏడోది ఆమే వేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేశాను.

"ఇయ్యాల ఏం తిన్నవ్?" అంది నా భార్య.

"మక్క రొట్టె."

"మస్కట్ల మక్క రొట్టెనా? నన్ను ఆటపట్టిస్తున్నవా?"

"నిజంగనే. మెక్సికో ఆమె చేసింది."

"గదెక్కడున్నది?"

"అమెరికాకు కింద."

"గంత దూరంకెల్లొచ్చి మన రొట్టె చేస్తున్నదా!"

"మన రొట్టె కాదే, వాళ్లదే. మెత్తగ, గుడ్డ లెక్క మడత పడుతది. ఇరగది."

"మక్క పిండి ఇరగకుంట ఎట్లుంటది? గోధుమ పిండి కలిపుంటది, అడుగు," అంది. నేను నమ్మించలేకపోయాను.

తర్వాత ప్రతి శుక్రవారం వెళ్లేవాణ్ణి. మా ఇద్దరి మధ్య భాష సగం అరబ్బీ, సగం చేతులు. మొదట మేడం అనేవాణ్ణి. ఒకరోజు నోరు జారి అక్కా అన్నాను. అంటే ఏమిటని అడిగింది. పెద్ద ఉఖ్త్, పెద్ద తోబుట్టువు అని చెప్పాను. ఇక మేడం అంటే పలికేది కాదు.

మా చేన్లో మక్కలు వేస్తామని చెబితే కళ్లు పెద్దవి చేసింది. "ఎన్ని రంగులు?"

"ఒకటే. పసుపు."

"ఎవరు తింటారు?"

"కోళ్లు. దాణా కంపెనీకి పోతయి."

గరిటె గట్టు మీద పెట్టింది. "అన్నీనా?"

"అన్నీ."

"మీ ఊళ్లో కోళ్లకు పుణ్యం ఎక్కువ," అంది. ఆ రోజు నన్ను చూసినప్పుడల్లా కోడిలా మెడ కదిలించి నవ్వింది.

జనం మాత్రం పెద్దగా రాలేదు. ఆఫీసుల వాళ్లు వచ్చి, కరకరలాడే చిప్స్ మీద చీజ్ పోసింది కావాలనేవారు. అది మా వంట కాదనేది. ఆమె మొండితనానికి సేటు తలపట్టుకునేవాడు.

మూడు నెలలకు, ఒక శుక్రవారం వెళ్తే గుడ్డలో గోధుమ రొట్టెలు ఉన్నాయి. ఆమె ముఖం చూడగానే అడగాలనిపించలేదు. తినడం అయ్యాక తనే ఎదురుగా కూర్చుంది. రొట్టె విరగకపోవడానికి గుట్టు అప్పుడు చెప్పింది. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి రాత్రంతా నానబెడతారు. పొద్దున కడిగితే పైపొట్టు జారిపోతుంది. తడి గింజలను రుబ్బితే పిండి జిగురు పట్టి నిలబడుతుంది. సున్నం లేకపోతే ఎంత రుబ్బినా పొడిపొడే. ఆ సున్నం పొడి వాళ్ల చెల్లెలు అక్కణ్ణుంచి వచ్చేవాళ్లతో పంపేది. ఈసారి ఎవరూ రావడం లేదు. డబ్బా అడుగంటింది. "గోధుమ రొట్టెకు ఇక్కడ వంద కొట్లున్నాయి. నేనెందుకు?" అంది.

నా వేళ్ల వైపు చూసింది. "నువ్వు మేస్త్రీవి. మీ సైట్‌లో సున్నం ఉండదా?"

"వద్దక్కా! గోడలకేసేది కడుపుల పడితే పేగులు కాలుతయి. ముట్టద్దు," అని రెండు చేతులూ ఊపాను. ఆమె భయపడి తన చేతులు ఒళ్లో పెట్టుకుంది.

బస్సులో వస్తుంటే మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమె బొడ్లో సున్నం కాయ. తమలపాకు తొడిమ తుంచి, ఈనె తీసి, వేలి కొసతో సున్నం రాసుకునేది. అది తినే సున్నమే కదా! మర్నాడు డ్యూటీ అయ్యాక రూవి బజారుకు వెళ్లాను. పూజ సామాన్లు, తమలపాకులు అమ్మే గుజరాతీ కొట్లో తెల్లటి ముద్ద సున్నం చిన్న డబ్బాల్లో దొరికింది. ఆరు కొన్నాను. ఇన్ని తమలపాకులు ఎవరు తింటారని కొట్టాయన అడిగితే, మెక్సికో వాళ్లన్నాను. ఆ రాత్రే అక్కకు ఇచ్చి, ఇది తినే సున్నమని చెప్పాను.

ఆ శుక్రవారం ఆశగా వెళ్లాను. రొట్టెలు వచ్చాయి, పచ్చి పసుపు రంగులో. ఆమె ఒకటి, నేనొకటి కొరికాం. గోడ నాకినట్టుంది. నాలుక జివ్వుమంది. పొడికి అలవాటుపడ్డ చెయ్యి, ముద్దను ఎంత వేయాలో తెలియక డబ్బాలకు డబ్బాలు వేసింది. పెద్ద గిన్నెడు పిండి, రెండు రోజుల పని. ఆమె వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంది. నన్నో, సున్నాన్నో, తననో తెలియదు. పిండి మొత్తం చెత్తబుట్టలో పడేసింది. నేను తల దించుకుని సబ్బుల వరసల మధ్య నుంచి బయటికి వచ్చాను.

రెండు శుక్రవారాలు వెళ్లలేదు. రూమ్‌లో నాతో ఉండే జగిత్యాల పెద్దాయన, మేమంతా మామ అంటాం, అడిగాడు. "ఏందిరా, మీ అక్క దగ్గరికి పోతలేవు?"

"నా సున్నంతోని ఆమె పిండి ఖరాబైంది మామా."

"సున్నం పెట్టినోనికి బుగ్గ కాలుడు తెల్వదా? ఒక్కసారికే అంచనా దొరుకుతదా? పో, పోయి కూసో. తిడితే తిట్టనీ."

వెళ్లడానికి ముఖం చెల్లలేదు. మూడో శుక్రవారం సేటే ఫోన్ చేశాడు. "మేడం రోజూ ఒక గ్లాసెడు మక్కలు ఉడకేస్తోంది. రోజూ సున్నం తగ్గిస్తోంది. నువ్వొచ్చేదాకా ఎవరికీ పెట్టనంటోంది. రా బాబూ, నా దుకాణమంతా ఆ వాసనే."

వెళ్లేసరికి ఆమె రెండు చెక్కల మధ్య పిండి ముద్ద పెట్టి నొక్కుతోంది. తడి గింజ ఒకటి నా చేతిలో పెట్టి, రుద్దమని సైగ చేసింది. వేళ్ల మధ్య పొట్టు జారిపోయింది, లోపల తెల్లగా గింజ మిగిలింది. పెనం మీద వేసిన రొట్టె ఒకసారి తిరిగి, రెండోసారి తిరిగి, మధ్యలో బుడగలా పొంగింది. దాన్ని వేళ్లతోనే తీసి నా ముందు పెట్టింది.

"నీ సున్నం మంచిదే," అంది. "నా చెయ్యి తొందరపడింది."

మడత పెట్టాను. విరగలేదు. ఉత్తదే తిన్నాను, ఉప్పు కూడా అడగలేదు. ఆమె నా నోటి వైపే చూస్తోంది. ఇంకొకటి వేయమని వేలు చూపించాను. ఆమె మెడ కోడిలా కదిలించింది. ఇద్దరం నవ్వాం.

మరుసటి వారం మామను, రూమ్‌లోని మరో ముగ్గురిని తీసుకెళ్లాను. మామ మొదటి ముక్క మెల్లగా నమిలాడు. తర్వాత కారం తక్కువన్నాడు. ఆమె రోట్లో ఇంకో నాలుగు మిరపకాయలు నూరి తెచ్చింది. చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాడు. లేచేటప్పుడు ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. అక్కణ్ణుంచి ఆ మాట లేబర్ క్యాంపులకు పాకింది. శుక్రవారాలు నిజామాబాద్, నిర్మల్ వాళ్లు గుంపులుగా వచ్చేవారు. మొదటి రోజు చూసిన ఒమానీ పెద్దమనిషి కూడా తన అన్నదమ్ములను తెచ్చాడు. సేటు తల పట్టుకోవడం మానేసి, ఇంకో రెండు టేబుళ్లు వేశాడు.

ఆ తర్వాతి ఏడాది కంపెనీ నన్ను సోహార్ సైట్‌కు మార్చింది. ఇప్పుడు రెండు నెలలకొకసారి వెళ్లగలుగుతున్నాను. మస్కట్ వెళ్లే కంపెనీ బండి దొరకాలి, సెలవూ కలిసిరావాలి.

పోయిన నెల వెళ్లినప్పుడు అక్క మోకాలికి పట్టీ కట్టుకుని ఉంది. మెట్ల మీద జారిందట. డాక్టరు నిలబడవద్దన్నాడట, అయినా నిలబడే ఉంది. టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి. నేను సంచి పక్కన పడేసి, చేతులు కడుక్కుని గట్టు వెనక్కి వెళ్లాను. "ఈడ కూసో అక్కా," అని స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాను. తెలుగులోనే అన్నాను, అర్థమైంది. ఆమె ముద్దలు చేసి ఇస్తుంటే నేను చెక్కల మధ్య నొక్కి పెనం మీద వేశాను. నాకు ఆ గట్టు పొట్టిదే, నడుం వంచాల్సి వచ్చింది. మొదటి రెండూ అంచులు చిరిగాయి. ఆమె నా మోచేతి మీద గరిటెతో చిన్నగా కొట్టి, అంత బలం వద్దంది. మూడోది పొంగింది.

ఆ మధ్యాహ్నం ఎన్ని వేశానో తెలియదు. అందరూ తిని వెళ్లాక, నాకు, ఆమెకు, సేటుకు తలా నాలుగు కాల్చాను. ముగ్గురం గట్టు దగ్గరే తిన్నాం. సేటు, నా రొట్టె కొంచెం మందంగా ఉందన్నాడు. అక్క ఆయన వైపు కోపంగా చూసి, ఇంకొకటి తీసుకుంది.