షర్బత్‌లో కరిగిపోయిన బ్యాకప్

2005 ఫిబ్రవరిలో నన్ను గద్వాలకు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. మా సౌరవిద్యుత్ సంస్థలో ఇంజనీర్లకు అదే అట్టడుగు మెట్టు. నిర్ణయాలు పైవాళ్లవి, సంజాయిషీలు మావి. (తర్వాత సర్వీసు నిండకముందే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. దానికీ ఈ సంగతికీ సంబంధం లేదు, ఉన్నా చెప్పను.)

నాకు అప్పగించిన మొదటి పని ధరూర్ దగ్గర ఒక పాల శీతలీకరణ కేంద్రం. యజమాని ఖాజా మియా. సాయంత్రం పల్లెల నుంచి వచ్చే పాలను నాలుగు డిగ్రీలకు చల్లార్చి, తెల్లవారి డెయిరీ ట్యాంకరుకు ఎక్కించాలి. చల్లదనం తగ్గితే పాలు వాపసు. అప్పటికే రెండుసార్లు వాపసొచ్చాయి. ఇంకోసారి వస్తే కేంద్రం మూతేనని డెయిరీ కబురు పెట్టింది. పల్లెలకు త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. దానికీ సాయంత్రం పాలకూ జాతకాలు కుదరలేదు. అందుకని మా సంస్థ సబ్సిడీ మీద అప్పటికే సోలార్ పలకలు పెట్టింది. కంప్రెసర్ పగలంతా బ్రహ్మాండంగా తిరిగేది, పాలు లేనప్పుడు. పాలొచ్చే వేళకు సూర్యుడు డ్యూటీ దిగిపోయేవాడు.

కాబట్టి బ్యాకప్ కావాలి. అది పర్యావరణానికి హాని చేయనిదై ఉండాలని మంజూరు ఉత్తర్వులో షరతు.

మా డివిజనల్ ఇంజనీరు, అంటే డీఈ గారు, డీజిల్ జనరేటర్ పెడదామన్నారు. షరతు గుర్తుచేస్తే, దానికి ఆకుపచ్చ రంగు వేయిద్దామన్నారు. ఖాజా మియా మాత్రం దండం పెట్టాడు.

"డీజిల్ వద్దు సార్. మా తమ్మునికి ట్రాక్టరుంది. ఈడ డీజిలుందని తెలిస్తే ఆనికి నిద్ర వట్టదు."

హైదరాబాదు నుంచి దిగిన సలహాదారు పేడగ్యాసు అన్నారు. పాలు పోసే రైతులు పేడ కూడా పోస్తారని ఆయన నమ్మకం. రెండు బర్రెల పాలు పోసే లక్ష్మమ్మను పిలిచి అడిగారు.

"పాలిస్త సార్, పెండ ఇయ్య. చేన్ల ఏమెయ్యాలె, మీ కాయితాలా?"

సలహాదారు దాన్ని 'అవగాహన లోపం' అని రాసుకున్నారు. ఎవరిదో రాసుకోలేదు.

ఇక సీసం బ్యాటరీలు. కంప్రెసర్ నడిపేటన్ని పెట్టాలంటే ఇంకో గది కట్టాలి. పైగా అవి పాడయ్యాక సీసం కరిగించేవాళ్లు యాసిడ్‌ను ఏ కాలువలోనో పారబోస్తారు.

అప్పుడు నేను, కరెంటును కాదు, చల్లదనాన్నే దాచుదామన్నాను. దాన్ని ఐస్ బ్యాంకు అంటారు. నీళ్లతొట్టిలో రాగి గొట్టాలు ఉంటాయి. పగటి సోలార్ కరెంటుతో వాటి చుట్టూ ఐసు గడ్డకడుతుంది. సాయంత్రం ఆ తొట్టి నీళ్లను పాల పాత్ర చుట్టూ తిప్పితే పాలు చల్లబడతాయి. తిప్పే చిన్న పంపుకు ఒక్క బ్యాటరీ చాలు. పొగ లేదు, పేడ లేదు. డీఈ గారు సంతకం పెట్టి, ఆ ఆలోచన మొదట తనకే వచ్చిందని గుర్తుచేసుకున్నారు.

నెల రోజులు అంతా సవ్యంగా నడిచింది. తర్వాత ఎండలూ పెండ్లిళ్లూ కలిసి వచ్చాయి.

ఒక సాయంత్రం ఫోనొస్తే పరుగెత్తాను. తొట్టిలో ఐసు సగం లేదు. పక్కన గడ్డపార. రాగి గొట్టానికి చిల్లు పడింది. గొట్టాల్లోని చల్లబరిచే గ్యాసు ఓజోన్ పొరను పలకరించడానికి వెళ్లిపోయింది. పర్యావరణహిత ప్రాజెక్టులో అదొక్కటే కొంచెం లోటు.

"ఏంది మియా ఇది?"

"సర్పంచి ఇంట్ల పెండ్లి సార్. షర్బత్‌కు జర ఐసు అడిగిన్రు. పెండ్లికి గూడ లేదంటే నేనేం మనిషిని?"

అప్పుడే క్యాను దించిన లక్ష్మమ్మ మూత తీయలేదు. "ఐసు తాగిన్రు గద, గీ పాలు గూడ తీస్కపో మియా. పాయసం జేసుకుంటరు. రేపు సెంటరు మూస్తే నా బర్రెలను సర్పంచి ఇంటి ముంగట కట్టేస్త."

ఖాజా మియా ముఖం పాలకంటే ముందే విరిగింది. గద్వాల ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆటోలో దిమ్మెలు తెప్పించి తొట్టిలో పడేశాం. తెల్లవారి ట్యాంకరు డ్రైవరు థర్మామీటరు ముంచి, చాలాసేపు చూసి, పాలు ఎక్కించుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ ఆ రోజు డీజిల్ జనరేటర్ మీద నడిచిందని నేను నివేదికలో రాశాను. డీఈ గారు ఆ వాక్యం కొట్టేశారు.

గొట్టం అతికించి, గ్యాసు నింపించి, తొట్టికి ఇనుప మూత, తాళం పెట్టించాను. తాళంచెవి ఎవరికివ్వాలన్నది అసలు ఇంజనీరింగు. ఖాజా మియాకిస్తే తాళం ఉన్నా లేనట్టే. ఊళ్లో అందరూ ఆయనకు ఏదో ఒక వరస. చెవి లక్ష్మమ్మకిచ్చాను.

మే నెల తనిఖీకి డీఈ గారే వచ్చారు. చెమట తుడుచుకుంటూ, గ్లాసులోకి ఒక ఐసు ముక్క అడిగారు.

"గది మా పాలది సార్," అంది లక్ష్మమ్మ. "దూపయితే కుండల నీళ్లున్నయి."

ఖాజా మియా గోడకేసి తిరిగి మీసం సవరించుకున్నాడు. డీఈ గారు కుండనీళ్లు తాగారు. కేంద్రం మూతపడలేదు.

బ్యాకప్ ఎంచుకునేటప్పుడు సామర్థ్యం, ఖర్చు, పొగ అన్నీ లెక్కగడతాం. వాటికంటే ముందు, దాచినదాని మీద ఊళ్లో ఇంకెవరి కన్ను ఉందో చూడాలి. తాళం మాత్రం పాలు విరిగితే నష్టపోయేవాళ్ల చేతికే ఇవ్వాలి.