చెయ్యి దొరికితే నాడి

వెండెల్ చూ అనే కుర్రాడి చేతికి ఎవరి చెయ్యైనా చిక్కితే నాడి చూడకుండా వదిలేవాడు కాదు. పలకరింపుగా చాచిన చెయ్యి అతని దగ్గర రెండు నిమిషాలు బందీ అయిపోయేది. మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి, కళ్ళు సగం మూసి, ఎక్కడో వాన పడుతుంటే వింటున్నట్టు నిలబడేవాడు. ఆ తర్వాత "రెండోది" అనేవాడు. అవతలి మనిషి ఎందుకని అడగడం కూడా మరిచిపోయి రెండో చెయ్యి ఇచ్చేవాడు.

ఆస్టియోపతి కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళకి తెల్లకోట్లు తొడిగిన రోజున వేదిక మీద డీన్ చెయ్యి అలాగే చిక్కింది. వెండెల్ వెనకాల ఇంకా నూటపదిమంది వరసలో ఉన్నారు. డీన్ గారి నవ్వు మొదట సన్నబడింది, తర్వాత పూర్తిగా ఆరిపోయింది. రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు కదూ అని వెండెల్ మైకు ముందే అడిగాడు. డీన్ అదేం లేదన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య మాత్రం అవునని తలూపింది.

ఇంకోసారి ఓక్లాండ్ దగ్గర బే వంతెన దిగగానే, వేగంగా పోతున్నాడని పోలీసు ఆపి, లైసెన్సు కోసం చెయ్యి చాపాడు. లైసెన్సు కంటే ముందు నాడి అయింది. పోలీసు జరిమానా తగ్గించలేదు గానీ, తన కడుపుబ్బరానికి అల్లం ఎన్ని ముక్కలు వేసి కాచుకోవాలో చీటీ మీద రాసుకుని మరీ వెళ్ళాడు.

ఇలాంటివాడికి జతగా పడింది రూథాన్ ప్రూయిట్. మిసోరీ మొక్కజొన్న పొలాల మధ్య నుంచి వచ్చిన పిల్ల, మాట కరుకు. మందులతో పాటు చేతులతో ఒళ్ళు తడిమి, కీళ్ళు సర్ది నయం చెయ్యడం కూడా నేర్పే కాలేజీ అది. ఆ పాఠాలు విద్యార్థులు ఒకరి మీద ఒకరు సాధన చెయ్యాలి. రూథాన్ బల్ల మీద బోర్లా పడుకుంటే, ఆమె మెడ దగ్గర మొదలైన వెండెల్ చేతులు నాలుగు నిమిషాలు తిరక్కుండానే మణికట్టు దగ్గర తేలేవి.

"నీ ప్లీహంలో తేమ చేరింది" అనేవాడు, చైనా వైద్యుల ఫక్కీలో.

"నీ బుర్రలో చేరింది" అనేది రూథాన్. అయినా చెయ్యి లాక్కునేది కాదు. తిడుతూనే ఆ రోజు సంగతులన్నీ చెప్పేది.

పగలు ఆస్టియోపతి చదువు. సాయంత్రమైతే వెండెల్ రైలెక్కి ఓక్లాండ్ చైనాటౌన్‌కి పోయేవాడు. అక్కడ లమ్ అనే గురువు కింది అంతస్తులో మూలికల అంగడి నడుపుతూ పై అంతస్తులో చైనా వైద్యం నేర్పేవాడు. ఇంటికొచ్చి వెండెల్ కషాయాలు కాచుకుంటే, తడిసిన తోలుచెప్పులు వేయించినట్టు వాసన వీధంతా పాకేది. పక్కింటివాళ్ళు గ్యాసు కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశారు.

అతన్ని మెచ్చుకున్న మనిషి మాత్రం ఇటూ లేడు, అటూ లేడు. కాలేజీలో మేష్టర్లు అతన్ని ఆకుల డాక్టరనేవారు. లమ్ గురువేమో, ఎముకలు తోసేవాడు వచ్చాడు, ఆ బస్తాలు కూడా లోపలికి తోయించండి అనేవాడు. మూడో ఏడు ఆసుపత్రిలో పని నేర్చుకునేటప్పుడు, మామూలు వైద్య కాలేజీలో చదివి ఆస్టియోపతిని చులకనగా చూసే డాక్టర్ హేవర్‌క్యాంప్, ఆ వార్డుకి పెద్ద, అతని చైనా వైద్యం సంగతి విని అందరి ముందూ అడిగాడు.

"ఆస్టియోపతి చదువుతున్నావు. ఆ అవమానం చాలలేదా నీకు?"

వార్డంతా నవ్వింది. రూథాన్ కూడా నవ్వింది. ఆ మాట తనకీ తగిలిందని ఆమెకి మధ్యాహ్నం క్యాంటీన్‌లో రొట్టె కొరుకుతుండగా గానీ తెలియలేదు.

ఆ వార్డులోకే మిసెస్ క్వాక్ అనే ఎనభయ్యొక్కేళ్ళ ముసలావిడ వచ్చింది. బి.పి. ఎంతకీ దిగదు, రక్తంలో పొటాషియం నిలవదు, కాళ్ళలో సత్తువ లేదు. అయిదు రోజులు రకరకాల పరీక్షలు చేశారు. ఇంగ్లీషు రాని ఆవిడని, ఫోన్లో దుబాసీని పెట్టి, బయటి మందులేమైనా వాడుతున్నారా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదనే చెప్పింది.

ఆరో రోజు వెండెల్ ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి అందుకున్నాడు. ఇరవై అయిదు నిమిషాలు వదల్లేదు. గుమ్మంలో హేవర్‌క్యాంప్ గడియారం చూసుకుంటూ పళ్ళు నూరుతున్నాడు. ముసలావిడ తన భాషలో, వెండెల్‌కీ ఇంట్లో అలవాటైన చైనా భాషలో, మెల్లగా మొదలుపెట్టింది. మా ఆయన పోయింది ఈ వసంతంలోనే అంది. అప్పట్నుంచీ నోరు చేదు, ఏం తిన్నా చేదే అంది. అందుకని అతిమధురం పుల్లలు తెచ్చుకుని పొద్దస్తమానం నములుతోంది. వారానికో సంచి, లమ్ గారి అంగడి నుంచే. తియ్యగా ఉండేది మందెలా అవుతుందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

అతిమధురం అంత ఎక్కువగా తింటే పొటాషియం పడిపోతుంది, బి.పి. పెరుగుతుంది. వెండెల్ లేచి వెళ్ళి హేవర్‌క్యాంప్‌కి అంతా చెప్పాడు. అప్పుడు రూథాన్ పక్కనే ఉంది. పుల్లలు మానిపించాక, రెండు వారాలకి ముసలావిడ తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆ శుక్రవారం డాక్టర్లందరి సమావేశంలో హేవర్‌క్యాంప్ ఈ కథ చెప్పాడు. తాను గుచ్చి గుచ్చి అడిగితే బయటపడిందన్నాడు. రెండో వరసలో రూథాన్ ఉంది. పై శిక్షణకి సిఫారసు ఉత్తరం రాసిమ్మని ఆమె ఆయన్ని అడిగి నాలుగు రోజులే అయింది. రూథాన్ నోటుపుస్తకం తెరిచి, చాలా అందంగా తేదీ వేసుకుంది.

వెండెల్‌కి మాత్రం రెండు వైపుల నుంచీ పడింది. రోగి మీద అనుమతి లేని వైద్యం చేస్తున్నాడని హేవర్‌క్యాంప్ ఫిర్యాదు చేస్తే, కాలేజీ సంఘం ఆ ఏడు మళ్ళీ చదవమంది. అతిమధురం గురించి ఆసుపత్రి నుంచి హెచ్చరిక కాగితం అందుకున్న లమ్ గురువు, నా అంగడి మీదికి మనుషుల్ని ఎగదోశావు, ఇంక నీ మొహం చూపించకు అన్నాడు.

రెండు రోజులాగి రూథాన్ అతని ఇంటికి వెళ్ళింది. పొయ్యి మీద ఏదీ కాగడం లేదు. ఆ ఇంట్లో వాసన లేకపోవడం ఆమెకి ఊపిరాడనివ్వలేదు. వెండెల్ చైనా వైద్యం పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. సమావేశంలో తాను నోరెత్తని సంగతి చెబుదామని వచ్చింది గానీ, ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది.

"నిజం చెప్పు. మొదటి ఏడంతా నా నాడిలో ఏం కనిపించింది నీకు?"

"ఏమీ కనిపించలేదు" అన్నాడు వెండెల్. "నాకు నాడి చూడటం రాదు రూథాన్. ఇరవై ఎనిమిది రకాలంటారు. నాకు కొట్టుకుంటోందా, లేదా అన్నంతవరకే తెలుస్తుంది. లమ్ గారు పెట్టే ఆ పరీక్ష మూడుసార్లు తప్పాను."

"మరి ఊరందరి చేతులూ ఎందుకు పట్టుకుంటావు?"

వెండెల్ కాసేపు పుస్తకాల దుమ్ము దులిపాడు. "చేరిన నెలలోనే మీ నాన్న పోతే వెళ్ళొచ్చావు. ఎవరికీ చెప్పలేదు. బల్ల మీద పడుకుంటే నీ చేతులు వణికేవి. కాసేపు చెయ్యి పట్టుకోనా అంటే నువ్వు తంతావు. నాడి అంటే ఎవరూ లాక్కోరు. కాస్త ఆగితే వాళ్ళే చెబుతారు."

"ప్లీహంలో తేమ?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా."

రూథాన్ అట్టపెట్టె పక్కనే నేల మీద కూర్చుంది. నాన్న ట్రాక్టరు గురించీ, ఆఖరి ఫోనుకి తాను పలకకపోవడం గురించీ ఈ లోకంలో ఒక్క వెండెల్‌కే, ఆ బల్ల మీద పడుకుని చెప్పుకుంది. చెబుతున్నానన్న స్పృహ కూడా లేకుండా, తిడుతూ చెప్పింది. ఇప్పుడు సమావేశం సంగతి చెప్పేసింది. వెండెల్ తనకి తెలుసన్నాడు. పుస్తకాలు సర్దుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె డీన్ గదికి వెళ్ళి, ఎవరు కనిపెట్టారో, ఎవరు తమ ఘనతగా చెప్పుకున్నారో, ఎవరు నోరు మూసుకున్నారో వరసగా చెప్పింది. డీన్ అంతా రాసుకున్నాడు. ఏడాది శిక్ష మూడు నెలలకి దిగింది. హేవర్‌క్యాంప్‌కి ఏమీ కాలేదు. ఆ తర్వాత రూథాన్ ఎదురుపడితే ఆయన గోడల మీద బొమ్మలు చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇక మిసెస్ క్వాక్ చేతికర్ర పట్టుకుని లమ్ గారి అంగడికి పోయి, గిరాకీల మధ్య గంటసేపు ఆయన్ని కడిగేసిందట. ఆయన వెండెల్‌ని మళ్ళీ రానిచ్చాడు. నాడి పరీక్షలో నాలుగోసారి కూడా తప్పాడనే తేల్చాడు.

ఓ మధ్యాహ్నం ఇద్దరూ నూడుల్స్ తింటుండగా రూథాన్ సంచిలోంచి మడతపడ్డ కాగితం తీసి అతని ముందు పెట్టింది. ఆ సమావేశం అయిన మర్నాడే హేవర్‌క్యాంప్ రాసిచ్చిన సిఫారసు ఉత్తరం, డీన్‌కి అంతా చెప్పాక ఇక ఎవరికీ పంపడానికి వీల్లేనిది. అందులో ఒకే ఒక్క మెచ్చుకోలు ఉంది. "ఎప్పుడు మాట్లాడకూడదో ఈ విద్యార్థినికి బాగా తెలుసు."

వెండెల్ దాన్ని రెండుసార్లు చదివి, నూనె అంటకుండా జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"పాపం, ఇదొక్కటి మాత్రం ఆయన సొంతంగా కనిపెట్టాడు" అన్నాడు.