అటక మీది నల్ల చెక్కలు

మా వదిన చేతిలోంచి చెక్కముక్క లాక్కోవడం ఎవరి తరమూ కాదు. పెళ్లయి వచ్చిన మొదటి వారమే, అన్నయ్య పొయ్యిలో పెట్టబోయిన మామిడి ముక్కను ఠక్కున లాగేసుకుని, "దీని మీద గీతలు చూశారా? నీళ్లు కదిలినట్టు లేవూ!" అందట. అన్నయ్య వడ్రంగి. తనకు చెక్కంటే తలుపు, కిటికీ, బీరువా. మిగిలిందంతా వంటచెరుకు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరికీ ఇదే గొడవ. ఆ షాపులోనే పాలిష్ పని చేస్తాను కాబట్టి, గొడవ ఎటు తిరిగినా మధ్యలో నలిగేది నేనే.

వదిన రోజూ సాయంత్రం షాపు ఊడుస్తూ ముక్కలు ఏరుకుంటుంది. పసుప్పచ్చటి పనస ముక్కలు, పాలిపోయిన మామిడివి, తేనెరంగు టేకువి, వేటి డబ్బా వాటిదే. ఏ ముక్కనూ కొయ్యదు, అదీ ఆవిడ పంతం. ప్లైవుడ్ పలక మీద పేర్చి, తీసి, మళ్లీ పేర్చి, సరిపోయిందనుకున్నాకే జిగురు పెడుతుంది. మా ఇంట్లో గోడలన్నీ నిండిపోయాయి. చోటు లేక ఒక చేపను స్నానాల గదిలో తగిలించింది. వచ్చినవాళ్లు "బాగుందమ్మా" అనేసి టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ఒక్కటంటే ఒక్కటి మా గడప దాటలేదు.

అలాంటిది, కొత్త లైబ్రరీ చూసుకునే మేడమ్ అల్మరాల సంగతి మాట్లాడటానికి వచ్చి, చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ బయటికి రాదే! జారిపడిందేమోనని నేను తలుపు కొట్టాను. తీసీ తియ్యగానే, "ఈ చేప ఎవరు చేశారు?" అని అడిగింది. "మా చదువుకునే గది గోడకు ఇలాంటిది కావాలి. ఎనిమిదడుగులు."

నా కాళ్లు నేల మీద నిలవలేదు. వదిన మాత్రం తాపీగా, "అంత చేపంటే మనుషుల్ని మింగేట్టు ఉంటుందేమోనండీ," అంది.

"చేపే అక్కర్లేదు, మీ ఇష్టం. వచ్చే నెల మొదటి శుక్రవారం పదకొండింటికి తలుపులు తెరుస్తాం. అప్పటికి కుదరకపోతే ఏదో ఒక ఫొటో తగిలించేస్తాం."

ఫొటోనా! మా వదిన చోట్లోనా! ఆ మాటతో నాకే పంతం పట్టుకుంది.

వదిన వానను ఎంచుకుంది. కింద ఇళ్ల కప్పులు, వాటి మీదికి కమ్ముకొచ్చే పెద్ద మబ్బు. కప్పులు వారంలో కుదిరిపోయాయి. చిక్కంతా మబ్బుతోనే వచ్చిపడింది. దానికి నల్ల చెక్క కావాలి. మా దగ్గర నల్లటిదంటే రోజ్‌వుడ్ ఒక్కటే, ఖరీదైన సరుకు. అది కోసినరోజు అన్నయ్య పొట్టు కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వడు. పలక పైభాగం బోడిగా మిగిలిపోయింది. వదిన దాని ముందు కూర్చుని అన్నం కూడా మానేసింది.

చూడలేక నేను అటకెక్కాను. అక్కడ అన్నయ్య గోనెసంచి ఒకటుంది. అందులో ఏముందంటే "పాత సామాను, జోలికి పోకు," అనేవాడు. నాకేం తెలుసు? విప్పితే అన్నీ నల్ల చెక్కలే! ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఒక తేదీ, పక్కన పావో, అరో, ముప్పావో.

"ఎవరివమ్మాయ్ ఇవి?" అంది వదిన.

"మనవే," అన్నాను. అబద్ధమేం కాదుగా!

మబ్బు దానంతటదే కమ్ముకొచ్చిందంటే నమ్మండి. పెన్సిల్ రాతలు చెరపొద్దంది వదిన, చినుకుల్లా ఉన్నాయని. వాటి మీద లక్క పాలిష్ పట్టించింది నేనే. అన్నయ్య ఆ రోజుల్లో లైబ్రరీలోనే అల్మరాలు బిగిస్తున్నాడు. ఇంటికొచ్చినా దుప్పటి కప్పిన పలకను పక్కకు తప్పుకుని వెళ్లేవాడు తప్ప ఎత్తి చూసిన పాపాన పోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి అన్నయ్య పలకను బండిలో ఎక్కించడానికి వచ్చాడు. మబ్బు చివర అరచేయంత ఖాళీ మిగిలింది. దానికి సరిపడే ముక్క కోసం వదిన డబ్బాలన్నీ బోర్లిస్తోంది. అన్నయ్య దుప్పటి లాగాడు. లాగినవాడు లాగినట్టే ఉండిపోయాడు.

"ఇవెక్కడివి?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అటక మీదివి అన్నయ్యా. నేనే తీశాను."

అన్నయ్య ముఖం కందగడ్డయింది. "నీకు బుద్ధుందా? అవన్నీ నేను తప్పు కోసినవే! అరంగుళం తక్కువ, పావంగుళం తక్కువ అని ఎప్పటికప్పుడు రాసి దాచుకున్నా. ఎవరి కంటా పడకూడదనే అటకెక్కించా. ఇప్పుడు ఊరంతా చూడాలా? నేను బిగించిన అల్మరాల ఎదురుగానే నా చేతగానితనం వేలాడాలా?" అంటూ ఉలి అందుకున్నాడు.

పలక మీద పడి అడ్డుకోవాలనిపించింది నాకు. వదిన మాత్రం కదలకుండా నిలబడింది.

"పీకెయ్యండి. మీవే కదా. ఒక్క మాట విని పీకెయ్యండి. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కొయ్యలేదు. మీకు తక్కువైందన్నది నాకు సరిగ్గా సరిపోయింది."

అన్నయ్య ఉలి మబ్బు దాకా వెళ్లి ఆగింది. ఒక ముక్క మీది తేదీని బొటనవేలితో తడిమాడు. "ఇది మన పెద్దమ్మాయి పుట్టిన రోజు. కబురు తెలిశాక చెయ్యి నిలవలేదు." పక్కదాని మీదికి వేలు జరిగింది. "ఇది... నిన్ను మొదటిసారి చూసొచ్చిన మర్నాడు."

"ఎంత తక్కువ?" అంది వదిన.

"ముప్పావంగుళం."

"అంతేనా!" అంది. నేను పకపకా నవ్వేశాను, ఆపుకోలేకపోయాను.

అన్నయ్య ఉలి కింద పెట్టి, చెవి మీది పెన్సిల్ తీశాడు. "ఆ ఖాళీకి కొత్త చెక్క కోసిస్తా. తప్పు లేకుండా," అన్నాడు. రెండుసార్లు కొలిచాడు, రోజ్‌వుడ్ తీశాడు, కోశాడు, తెచ్చి పెట్టాడు. తక్కువైంది! ఇన్నేళ్ల పనివాడికి, మేమిద్దరం చూస్తుండగా, పావంగుళం తక్కువైంది! అన్నయ్యకే ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే దాని మీద ఆ రోజు తేదీ వేసి, పక్కన పావు అని రాసి, జిగురు పూసి తనే అతికించాడు. పక్కన మిగిలిన సన్నటి సందును వదిన పూడ్చనివ్వలేదు.

పదకొండు కావడానికి పది నిమిషాలుందనగా పలక గోడెక్కింది. తలుపులు తెరవగానే జనం పుస్తకాల దగ్గరికి పోకుండా మబ్బు కింద గుమిగూడారు. ఆ గుంపును చూస్తే నాకు ఈల వెయ్యాలనిపించింది. మేడమ్ దగ్గరికి వెళ్లి చూసి, "ఈ అంకెలేమిటండీ?" అంది.

అన్నయ్య ఒకడుగు ముందుకొచ్చాడు.

"బొమ్మ మా ఆవిడదండీ. ఆ నల్లవన్నీ నేను తప్పు కోసినవి. మొత్తం ముప్ఫై ఒకటి. చివరిది ఇవాళ పొద్దుటిదే," అన్నాడు, గది అంతా వినబడేట్టు.

పక్కనే ఉన్న వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. వారమైనా ఆ మచ్చ పోలేదు.