నాలుగో నెలలో చూసిన విస్కీ బట్టీ

ఐర్లండ్‌లో ఆ విస్కీ ఫ్యాక్టరీ చూడటానికి వెళ్ళిన రోజుకి నాకు నాలుగో నెల నిండుతోంది. ఆ సంగతి నాకూ, బహ్రెయిన్‌లో ఉన్న మా ఆయనకూ, గుదైబియాలో ఒక క్లినిక్ డాక్టరమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటికి ఆరేళ్ళుగా నేను బహ్రెయిన్‌లోనే అమ్వాజ్ అనే చోట ఒక ఐరిష్ కుటుంబం ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నాను. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. చిన్నదాన్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నుంచీ నా చేతుల మీదే పెంచాను. నిద్ర వస్తే నా దగ్గరికి వచ్చి "జో" అనేది. వాళ్ళమ్మకు ఆ మాట అర్థమయ్యేది కాదు.

మా ఆయన ఏసీ మెకానిక్కు. గుదైబియాలో ఒక పాత ఫ్లాటులో మరో ఏడుగురు మగవాళ్ళతో కలిసి ఉండేవారు. ఒకే దేశంలో, కారెక్కితే అరగంట దూరంలో ఉండి కూడా మేము కలుసుకునేది వారానికొకసారి, శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన కూడికలో. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చునేవాళ్ళం. ఆ కూడికకు వచ్చే ఒక అక్క హమద్ టౌన్‌లో కాపురం ఉండేది. నెలకో రెండు నెలలకో, "మేం బజారుకెళ్ళి సాయంత్రానికి వత్తాం, మీరు కూసోండి" అని తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, తన భర్తను వెంటేసుకుని బయటికి పోయేది. మా కాపురమంతా ఆ ఇంటి ముందుగదిలో, పరాయివాళ్ళ దుప్పట్ల మీద, అలాంటి కొన్ని మధ్యాహ్నాల్లో జరిగింది.

పెళ్ళయి పదకొండేళ్ళు. ఊళ్ళో ఉన్నప్పుడు రెండుసార్లు నెల తప్పాను. రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఇక రాదనుకున్నాక ఈసారి నిలిచింది. క్లినిక్‌లో మలయాళీ డాక్టరమ్మ నా పాత సంగతులన్నీ అడిగి రాసుకుని, హిందీలో గట్టిగా చెప్పింది. బరువులు ఎత్తొద్దు, పిల్లల్ని చంకనెయ్యొద్దు, విమానం మాట తలపెట్టొద్దు, వీలైనంత పడుకో.

సెలవులకు ఐర్లండ్ వెళ్ళాలని, పిల్లల కోసం నన్నూ తీసుకెళ్తామని మేడమ్ అప్పటికే చెప్పి ఉంది. కూడిక అయ్యాక మెట్ల దగ్గర మా ఆయన్ని అడిగాను.

"మేడమ్‌కి చెప్పేద్దామాండీ?"

"ఇప్పుడొద్దే. చెప్పేవంటే ఈ వారమే ఇంటికి పంపేత్తారు. నువ్వక్కడ, నేనిక్కడ. ఏదన్నా అయితే నీ పక్కన ఎవరుంటారు? ఆరో నెల రానీ, బిడ్డ గట్టిపడతాది. అప్పుడు చెబుదాం."

"డాక్టరమ్మ విమానం ఎక్కొద్దందండి."

ఆయన వంగి చెప్పులు వేసుకున్నారు. "అక్కడ చల్లగా ఉంటదంట కదా. ఈ ఎండలో సచ్చేకంటే నయమేమో" అన్నారు.

తప్పంతా ఆయన మీదికి నెట్టడానికి ఇది రాయడం లేదు. నాకూ అదే భయం. ఆ మాట ఆయన నోట రావాలని చూశాను, అంతే. విమానంలో ఏడు గంటలపైన చిన్నది నా ఒళ్ళోనే నిద్రపోయింది.

మేడమ్ పుట్టిల్లు ఒక చిన్న ఊళ్ళో. జూలై నెలలో కూడా స్వెట్టరు వేసుకునే చలి. రోజుకు నాలుగుసార్లు సన్నటి వాన. మేడమ్ తల్లి డెబ్బై అయిదు దాటిన మనిషి, ఒంటరిగా ఉండేది. ఆవిడ భర్త పక్క ఊళ్ళోని విస్కీ ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి పోయాడట. ఇప్పుడు అక్కడ జనాన్ని లోపలికి తీసుకెళ్ళి అన్నీ చూపిస్తున్నారని, తాత పనిచేసిన చోటు మనవరాళ్ళకు చూపించాలని ఆవిడ పట్టుబట్టింది. గురువారం పొద్దున అందరం బయల్దేరాం. మేడమ్, సార్, పెద్దావిడ, పిల్లలు, నేను.

తలుపు తీయగానే వాసన కొట్టింది. అది మా అమ్మ వాసన.

మా అమ్మ గోదావరి లంకలో సారా కాచేది. మా నాన్న పడవ బోల్తాపడి పోయాక ముగ్గురు పిల్లలతో ఆవిడకు దొరికిన పని అదే. నల్లబెల్లం, తుమ్మచెక్క నీళ్ళల్లో వేసి డ్రమ్ముల్లో పోసి ఇసుకలో పాతేది. వారానికి ఆ ఊట బుడబుడమనేది. నేను డ్రమ్ముకు చెవి ఆనించి వినేదాన్ని. ఎక్సైజువాళ్ళు వచ్చి కాళ్ళతో తన్ని ఒలకబోసేవాళ్ళు. రెండుసార్లు అమ్మను జీపెక్కించి తీసుకుపోయారు. బడిలో నన్ను "సారాదాని కూతురు" అనేవాళ్ళు. ఇంటరు దాకా ఆ పేరు నా వెంట వచ్చింది. కూడికలో ఏ అక్కకూ ఈ సంగతి చెప్పలేదు. మా అమ్మ ఏం చేసేదని ఎవరైనా అడిగితే కూలిపని అని చెప్పేదాన్ని.

ఇక్కడ కూడా అదే వాసన. పులిసిన బార్లీ, వేడి నీళ్ళు, ఆవిరి. కాకపోతే నేల అద్దంలా మెరుస్తోంది. జనం టిక్కెట్టు కొని వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆకుపచ్చ కోటు వేసుకున్న అమ్మాయి ఒకతి ముందు నడుస్తూ అన్నీ వివరిస్తోంది. మనిషికి రెండింతల ఎత్తున్న కొయ్య తొట్టెల పక్క మెట్లు ఎక్కించి, మూత తీసి, "వంగి చూడండి" అంది. లోపల నురగ బుడబుడమంటోంది. పెద్ద పిల్ల ముక్కు మూసుకుని "ఛీ" అంది. నేను మాత్రం వంగి అలాగే ఉండిపోయాను.

తర్వాతి హాల్లో రాగి బట్టీలు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటి మా ఊరి ఇంటి కంటే ఎత్తు. వేడికి గాలి ఆడడం లేదు. చిన్నది ఎత్తుకోమని చేతులు చాచితే ఎత్తుకున్నాను. కోటు అమ్మాయి అందర్నీ చూసి అడిగింది: "బట్టీలోంచి మొట్టమొదట వచ్చేదాన్ని ఏం చేస్తారో ఎవరైనా చెప్పగలరా?"

నా నోట్లోంచి మాట నాకు తెలియకుండానే వచ్చింది. "పారబోస్తారు. అది తాగితే కళ్ళు పోతాయి."

అందరూ నా వైపు తిరిగారు. ఆ అమ్మాయి నవ్వింది. "దాదాపు సరిగ్గా చెప్పారు. మేం పారబొయ్యం, మళ్ళీ కాస్తాం. తాగడానికి మాత్రం ఇవ్వం. మీకెలా తెలుసు?"

మేడమ్ కూడా ఆశ్చర్యంగా చూస్తోంది. మా అమ్మ చెప్పిందని అనొచ్చు. ముందు వచ్చే చుక్కలు విషమని, వాటిని ఎవరికైనా పోస్తే ఉసురు తగులుతుందని, వేలు ముంచి అగ్గిపుల్లకు చూపించి నీలం మంట వచ్చేదాకా అమ్మ సీసాలో పట్టేది కాదని చెప్పొచ్చు. నన్ను తెలిసినవాళ్ళు ఎవరూ లేని దేశం అది.

"ఎక్కడో చదివాను" అన్నాను.

ఆ మాట అన్నాక ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళముందు రాగి అంతా ఒక్కటిగా కలిసిపోయింది. పిల్లను జారనివ్వకుండా గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. మిగతావాళ్ళు పీపాల గదివైపు వెళ్ళిపోయారు. పెద్దావిడ మాత్రం కదలకుండా నన్నే చూస్తోంది.

చివర్లో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి పెద్దవాళ్ళందరి ముందూ మూడేసి చిన్న గ్లాసులు పెట్టారు. నేను నా గ్లాసుల్ని ముట్టుకోలేదు.

"నేను చర్చి మనిషిని సార్, తాగను."

"మేమూ చర్చి మనుషులమే!" అని సార్ నవ్వాడు. "వాసనైనా చూడు."

పెద్దావిడ చెయ్యి చాచి నా మూడు గ్లాసుల్నీ తన వైపు లాక్కుంది. "దీని వంతు నేను తాగుతాను. నన్నెవరూ ఆపరు" అంది. అందరూ నవ్వారు.

వాళ్ళు సీసాలు కొనడానికి కొట్టులోకి వెళ్ళినప్పుడు ఆవిడ వచ్చి బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"ఎన్నో నెల?"

నేను చిన్నదాని స్వెట్టరు గుండీలు పెట్టసాగాను.

"అయిదుగురిని కన్నదాన్ని. మనిషి గోడ పట్టుకున్న తీరు చూస్తే నాకు తెలుస్తుంది."

"నాలుగు" అన్నాను. "మేడమ్‌తో చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

"నా కూతురు చెడ్డది కాదు."

"తెలుసు. నా మంచికే అని చెప్పి ఇంటికి పంపించేస్తారు."

"ఆదివారం దాకా ఊరుకుంటాను. ఆ తర్వాత నువ్వే చెప్పాలి" అంది. కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు నా చంకలోంచి చిన్నదాన్ని తీసుకుని, ఆ వయసులో తనే మోసింది.

ఆదివారం దాకా అక్కర్లేకపోయింది. శనివారం పొద్దున పెద్ద పిల్లకు జడ వేస్తుంటే కింద తడి తెలిసింది. నాకు ఆ తడి కొత్త కాదు. జడ పూర్తిచేసి, రబ్బరుబ్యాండు బిగించి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళి పెద్దావిడ ముందు నిలబడ్డాను. ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆవిడ పొయ్యి కట్టేసి కారు తాళాలు తీసింది.

ఆసుపత్రిలో డాక్టరు పొట్ట మీద స్కానింగు గొట్టం ఆనించి చూస్తూ చూస్తూ, తెరను మెల్లగా తన వైపు తిప్పుకుంది. అప్పుడే అర్థమైంది. ఆ రోజు మధ్యాహ్నం వాడు పుట్టాడు. మగపిల్లాడు. నా అరచేతిలో పట్టాడు. వేళ్ళకు గోళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. ఏ పని వల్లా, ఏ ప్రయాణం వల్లా ఇలా జరగలేదని, నా తప్పు కాదని డాక్టరు రెండుసార్లు చెప్పింది. గుదైబియా డాక్టరమ్మ మాట ఆవిడకు తెలియదు కదా అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

మేడమ్ వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నిన్ను ఈ ప్రయాణానికి తెచ్చేదాన్నే కాదు."

"ఇంటికి పంపించేవారా మేడమ్?"

"నాకు తెలియదు" అంది. ఆ నిజం చెప్పినందుకు ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

మా ఆయనకు ఫోను చేశాను. ఏదో బిల్డింగు మీద పనిలో ఉన్నారు. ఏసీ మిషన్ల హోరు, వెనక ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెట్టడం వినిపిస్తోంది.

"పోయిందండీ" అన్నాను.

"నువ్వెలాగున్నావే?" అన్నారు.

"ఉన్నాను."

"దాచమన్నది నేనే గదా" అన్నారు. "సాయంత్రం చేత్తాను."

ఆ సాయంత్రం చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు.

నర్సు ఒక కాయితం తెచ్చి నెమ్మదిగా అడిగింది. ఇలాంటి పిల్లల కోసం శ్మశానంలో ఆసుపత్రికి కొంత చోటుంది, అక్కడ ఉంచుతారా, మీతో తీసుకెళ్తారా అని. ఎక్కడికి తీసుకెళ్ళను? అమ్వాజ్‌లో పిల్లల గది పక్కన నా గదికా, గుదైబియాలో ఎనిమిది మంచాల గదికా, లంకకా? సంతకం పెట్టాను. పేరు రాసే చోట ఏం రాయమంటారని అడిగింది. ఖాళీగా వదిలెయ్యమన్నాను. వాళ్ళ పాస్టరు వచ్చి ఇంగ్లీషులో ప్రార్థన చేశాడు. తర్వాత నేను తెలుగులో చేద్దామనుకున్నాను. "తండ్రీ" అన్నాక మాట ముందుకు రాలేదు.

రెండు వారాల తర్వాత బహ్రెయిన్ తిరిగి వచ్చాం. మర్నాటి నుంచి పనిలోకి దిగాను. శుక్రవారం కూడికలో మా ఆయన వెనక వరసలో కూర్చున్నారు. బయటికి వచ్చాక మెట్ల మీద ఇద్దరం నిలబడ్డాం. ఆయన నా చేతిలో బత్తాయిల సంచి పెట్టి, "తిను" అన్నారు. మరుసటి ఏడాది ఆయన సౌదీలో పని చూసుకుని వెళ్ళిపోయారు. ఫోన్లు చేస్తారు. బాగున్నావా, తిన్నావా అని అడుగుతారు. విడిపోయామని ఎవరమూ అనలేదు.

పెద్దావిడ నెలకోసారి ఆ శ్మశానానికి వెళ్ళేది. మేడమ్ ఫోనుకు ఫోటో పంపేది. తడిసిన గడ్డి, చిన్న రాతిపలక, దాని పక్కన ఆవిడ పెట్టిన ఏవో పసుపు పూలు. మేడమ్ నాకు చూపించి పక్కకు వెళ్ళిపోయేది. రెండేళ్ళకు పెద్దావిడ పోయింది. ఆ తర్వాత మేడమ్ వాళ్ళు ఇంకో దేశం వెళ్ళిపోయారు. చిన్నది విమానాశ్రయంలో నా మెడ వదల్లేదు. నేను ఇప్పుడు వేరే ఇంట్లో పనిచేస్తున్నాను.

ఆ శ్మశానానికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మొన్నొక మధ్యాహ్నం పని తెమిలాక ఐర్లండ్ వీసా దరఖాస్తు ఫోనులో తెరిచి చూశాను. పేరు, పాస్‌పోర్టు నంబరు నింపాను. తర్వాత, ప్రయాణానికి కారణం అని ఒక గడి వచ్చింది. విహారం, ఉద్యోగం, చదువు, బంధువుల్ని చూడటం. ఏది నొక్కాలో తెలియలేదు. కాసేపు చూసి మూసేశాను.