జవాబుల సారు

సముద్రం వైపు పోయే బస్సు సగం దారిలో ఉండగా, డ్రిల్లు టీచరమ్మకి తన కాపురం గురించి తనకే తెలియని సంగతులు కొన్ని తెలిశాయి.

చెప్పింది పక్కసీటు చేపలమ్మి. ఒళ్లో ఖాళీ గంప, నోట్లో ఆగని మాట.

"మా రేవుకి సర్వే సారొకాయన వస్తాడమ్మా. జవాబుల సారంటాం. మనల్ని ఏదడగాలన్నా ముందు తన జవాబు చెప్పేస్తాడు. అదొక జబ్బు పాపం!"

టీచరమ్మ కిటికీలోంచి తల ఇటు తిప్పింది. ఆ జబ్బు ఆవిడకి కొత్త కాదు. తాళి కట్టించుకున్నదే ఆ జబ్బుతో. పెళ్లిమాటలకి వచ్చినరోజున పెద్దవాళ్లందరి ముందూ ఆ మనిషి, "నేను గురక పెడతానండి. మీరు?" అని అడిగాడు. ఇప్పటికీ కాఫీ కావాలా అని తిన్నగా అడగడు. "నాకైతే గొంతు మండుతోంది, కాఫీ వద్దనిపిస్తోంది. నీకు?" అంటాడు. డాక్టరు దగ్గరికి పోతే నాలుక చాపి, "నాది తెల్లగా ఉంది, మీదేదీ?" అనగలడు. ఒకసారి అన్నాడు కూడా. డాక్టరు చాపాడు!

లోకంలో ప్రశ్నలడిగి బతికేవాళ్లకి కొదవలేదు. ప్లీడర్లున్నారు, పోలీసులున్నారు, పక్కింటి పిన్నిగార్లున్నారు. వాళ్లెవరూ తమ గుట్టు చెప్పరు. ఈయన ఉద్యోగమేమో సముద్రపు చేపల శాఖలో పరిశోధన. అలాగని చేపల్ని లెక్కపెట్టే పని కాదు. చేపలు పట్టే మనుషుల్ని తెలుసుకునే పని. ఎవరు ఎంతదూరం పోతున్నారు, ఎందుకు పోవడం లేదు, ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది, మొగుడూ పెళ్లాం ఎలా ఉంటున్నారు, ఇవన్నీ తెలిస్తేగాని వేటకి ఏ నియమం పెట్టినా నిలవదని ఆ శాస్త్రం చెబుతుంది. అంటే పరాయివాళ్ల గుట్టు తెలుసుకోవడమే జీతం. దానికి ఈయన తన గుట్టు బయానాగా ఇస్తూ పోయాడు.

"వాళ్లావిడ గిన్నెలు విసురుతుందటమ్మా!" అంది చేపలమ్మి.

"ఎవరూ?"

"సారు పెళ్లాం. మహా గయ్యాళట. నుదుటిమీద ఇంత మచ్చ! స్వయంగా చూపించాడు."

ఆ మచ్చ అలమర తలుపుది. టీచరమ్మ పళ్లు బిగబట్టింది.

"మరి ఊరుకుంటాడా ఆయన?"

"ఏంచేస్తాడమ్మా, సాధువు. మా వీధిలో కొట్లాటలు అవుతాయా అని అడగాలటగా, ముందు తనవి చెప్పాడు. ఇక చూసుకో, వీధంతా వరసకట్టి చెప్పుకుంది. నేనూ చెప్పా. ఆయన కష్టం ముందు నాదెంత అనిపించింది. చదువు కూడా అంతేనట. నాలుగో తరగతి మూడుసార్లు తప్పాడట."

"బంగారు పతకం వచ్చింది!" అని టీచరమ్మ నోరు జారింది.

"ఎవరికి?"

"మా... మా బంధువొకడికి."

ఆవిడ చేతిసంచిలో ఆ బంగారు పతకం మనిషి కళ్లజోడుంది. అది మరిచిపోయి పొద్దున్నే బయల్దేరాడు. ఇవాళ రేవులో పెద్ద విచారణ, చదవాల్సిన కాగితాలు బోలెడు, గుడ్డిగా ఏం చదువుతాడులే పాపం అని స్కూలుకి సెలవుపెట్టి మరీ వస్తోంది. ఆ పాపం అన్న ముక్క ఇప్పుడావిడ మనసులోంచి దిగిపోయింది.

చేపలమ్మి దగ్గరికి జరిగింది. "ఇంకోటి చెప్తా, ఎవరితోనూ అనకు," అని గుసగుసగా అంది. ఆవిడ గుసగుస డ్రైవరుదాకా వినపడుతుంది. "ఆయనకి నీళ్లంటే భయమట! మెడ కిందనుంచే పోసుకుంటాడట స్నానం. మొహంమీద చెంబెడు నీళ్లు పడితే ఊపిరి ఆగిపోతుందట. వాన చప్పుడు పెరిగితే రేడియో పెట్టుకుని, దుప్పటి కప్పుకుని..."

టీచరమ్మ ఈసారి పళ్లు బిగబట్టలేదు. అసలు కదల్లేదు.

ఆ భయం ఆయనది కాదు. తనది. ఈల ఒక్కసారి ఊదితే స్కూలు మొత్తాన్ని నిటారుగా నిలబెట్టే మనిషి, చెంబెడు నీళ్లకి వణుకుతుందని తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడు రేవంతా టాంటాం వేశాడన్నమాట!

"ఆ మాట విన్నాకే మా ఆయన నోరు విప్పాడమ్మా," అంది చేపలమ్మి. ఇప్పుడు నిజంగానే ఆవిడ గొంతు తగ్గింది. "పెద్ద గాలివాన వచ్చిపోయినప్పట్నుంచి లోతుకి పోవడం లేదు. నడుంనొప్పి అంటాడు, ఇంజను బాలేదంటాడు. భయమని నాకూ చెప్పలేదు. మా వాళ్లు సగంమంది అంతేనట. ఏరు సముద్రంలో కలిసేచోట, ఆ మొగలోనే వలేసి వచ్చేస్తున్నారు. అక్కడుండేవి పిల్లచేపలు. అవి పెరక్కుండానే పోతున్నాయి. ఇప్పుడు పెద్దాఫీసరు వచ్చి, ఏడాదిపాటు తీరం మొత్తం మూసేస్తా, ఒక్క పడవ కదలడానికి లేదంటున్నాడు. ఇవాళ తేల్చేస్తాడట. మూస్తే ఈ గంప బోర్లించుకుని కూచోవడమే."

విచారణ చేపల వేలం షెడ్డులో పెట్టారు. ఎన్ని దేశాల రేవులు తిరిగినా వేలం షెడ్లకి ఒకటే మొహం. తడి సిమెంటు, వేలాడే కాటా కొక్కెం, ఎంత కడిగినా పోని వాసన, పైన పిచ్చుకల సంసారం. ఆఫీసరు బూట్లు తడవకుండా కాళ్లు కుర్చీ అడ్డకర్రమీద పెట్టుకుని కూచున్నాడు. ఎదురుగా జవాబుల సారు, కళ్లు చికిలించుకుని తన కాగితాలు తానే పోల్చుకోలేక అవస్థ పడుతున్నాడు. టీచరమ్మ వెళ్లి కళ్లజోడు ఆయన ముక్కుమీద పెట్టలేదు, గుచ్చింది.

"నువ్వా! ఎప్పుడొచ్చావ్?"

"ఇంటికి పదండి, చెప్తా."

ఆఫీసరు గొంతు సవరించాడు. "ఏమోయ్, నివేదికలో భయం అని రాశావేంటి? పిల్లచేపల్ని పట్టడానికి కారణం భయమా? పడవ మనిషికి సముద్రమంటే భయమేంటయ్యా? రైలు డ్రైవరుకి పట్టాలంటే భయమన్నట్టుంది. ఎవరికయ్యా ఇక్కడ భయం? చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. చేపలమ్మి మొగుడు, తలుపంత మనిషి, కాటా కొక్కెంకేసి చూస్తున్నాడు. మిగతావాళ్లు నేలకేసి.

అలవాటు ప్రకారం సారు చెయ్యెత్తాడు. "నాకైతే ఉందండి. చెంబెడు నీళ్లు చూస్తే..."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "నీకా! మనం చదివిన కాలేజీలో ఈత కప్పులన్నీ నీవేగా! వరదలో ఏరు ఈదుకుంటూ వచ్చి తడిబట్టలతో పరీక్ష రాసినవాడివి, నీకు చెంబంటే భయమా?"

చేపలమ్మి నోరు తెరుచుకుంది, మాట మాత్రం రాలేదు. అది ఆ రేవు చరిత్రలో మొదటిసారి. ఆవిడ మొగుడు తల తిప్పి సారుకేసి చూసిన చూపులో కోపం లేదు, మోసపోయినవాడి బాధ ఉంది.

జవాబుల సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు.

"ఇలాంటి కోతలు కోసి పట్టుకొచ్చిన పరిశోధనా ఇది?" అంటూ ఆఫీసరు నివేదిక మూశాడు. "దీన్ని నమ్మి నేను తీరం తెరిచిపెట్టాలా?"

"ఆగండి!"

అది స్కూలు మైదానం గొంతు. దానికి షెడ్డులో సగంమంది నిటారుగా నిలబడ్డారు. ఆఫీసరు కాళ్లు అడ్డకర్ర మీంచి జారి నీళ్లలో పడ్డాయి.

"ఆ భయం నాది," అంది టీచరమ్మ. "ఆయన తనదని చెప్పుకు తిరిగాడు. చెంబు నాది, రేడియో నాది, దుప్పటి నాది. నేను ఆయన భార్యని."

"అమ్మో! గిన్నెలావిడా!" అని అరిచింది చేపలమ్మి.

"గిన్నెలు విసరను! ఆ లెక్క ఇంటికెళ్లాక తేలుస్తా." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "చిన్నప్పుడు బావిలో పడ్డాను. తీశారు. కానీ ఇవాళ్టికీ మొహంమీద నీళ్లు పడితే అక్కడే ఉంటాను. వెయ్యిమంది పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారు. వాళ్లకి తెలిస్తే ఏమవుతుందో అని ఇన్నేళ్లూ దాచాను. ఇదిగో, ఏమీ కాలేదు. షెడ్డు కూలలేదు."

తలుపంత మనిషి మెల్లిగా లేచాడు.

"నాకూ ఉంది సారూ," అన్నాడు. "ఆ గాలివానలో నా పక్క పడవ కళ్లముందే కనపడకుండా పోయింది. ఒడ్డు కనిపించకపోతే ఊపిరాడదు నాకు."

"నాకూ," అన్నాడు వెనకనుంచి ఒకడు. "నాకూ, మా అన్నకీ," అన్నాడింకొకడు. "నా పేరు నువ్వెందుకు చెప్తావురా, నాకు నోరు లేదా!" అని ఆ అన్న కసిరాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో కట్టలు తెగాయి. కాసేపటికి షెడ్డులో కూచున్నవాడు ఆఫీసరొక్కడే.

"మొగ చివర దీపం ఆరిపోయి ఎన్నాళ్లయిందో చూడండి," అంది చేపలమ్మి. "అది వెలిగించండి, పడవకో వైర్‌లెస్ ఇప్పించండి. మా వాళ్లు జతలుజతలుగా లోతుకి పోతారు. మొగ ఒక్కటీ మూసుకోండి. దొంగచాటుగా ఎవడైనా వలేస్తే, గిన్నెలు నేను విసురుతా!"

ఆఫీసరు మూసిన నివేదిక మళ్లీ తెరిచాడు. చాలాసేపు చదివాడు. "మీ సారు చివర రాసిందీ అదే," అని గొణిగాడు. తర్వాత లేచి, తడిసిన బూట్లతో, అందరికీ వినపడేలా చెప్పాడు. "తీరం మూయడం లేదు. మొగ ఒక్కటే, అదీ పిల్లచేపలు పెరిగే కాలం వరకే. దీపం, వైర్‌లెస్‌ల పూచీ నాది."

ఆ కేకలకి పిచ్చుకలన్నీ లేచిపోయాయి. గంపలు గాల్లోకి ఎగిరాయి, ఐసుపెట్టెలు డప్పులయ్యాయి. తలుపంత మనిషిని నలుగురు ఎత్తబోయి, కుదరక, వాళ్లే అతని భుజాలెక్కారు. మొగలో నిలబడ్డ పడవల మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి.

ఆ గోలలో టీచరమ్మ మొగుణ్ణి షెడ్డు బయట ఓ మూలకి లాగింది.

"నా గుట్టు రేవంతా పంచారా?"

"నీదని చెప్పలేదుగా," అన్నాడాయన బిక్కమొహం వేసి. "నాదే ఇద్దామనుకున్నా. నా దగ్గర అంత గట్టి భయం లేదు, ఏంచేయను? సిగ్గుపడే మాట ఆ మనిషొక్కణ్ణే చెప్పమని ఎలా అడుగుతాను? తోడు ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఆవిడకి కోపం తెచ్చుకోవాలనే ఉంది. ఎంత వెతికినా దొరకలేదు.

"సరే, గిన్నెల సంగతేంటి? నేను గయ్యాళినా?"

"అదా, చెప్తా విను. అసలేం జరిగిందంటే..." అంటూ మొదలుపెట్టి, ఆయన ఆగిపోయాడు. జెట్టీ మొదట్లో ఆఫీసరు ఒక్కడే నిలబడి, నివేదిక గుండెలకి అదుముకుని, రేపు పైవాళ్లకి ఏం చెప్పుకోవాలా అన్నట్టు సముద్రంకేసి చూస్తున్నాడు.

సారు మాట సగంలో వదిలేసి అటు నడిచాడు. వెళ్లి భుజంమీద చెయ్యివేశాడు.

"నాకైతేనోయ్, పై అధికారి గదిలోకి అడుగుపెడితే మోకాళ్లు టకటకా కొట్టుకుంటాయి..."

టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మనిషిని చూసి పై అధికారులే గది మార్చుకుంటారు.

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. "నిజం చెప్పనా?" అన్నాడు.

ఇద్దరూ జెట్టీ వెంట నడుచుకుంటూ పోయారు. వెళ్లొస్తానని కూడా చెప్పలేదాయన, వెనక్కి తిరిగైనా చూడలేదు.