పొగతో బేరం

మొన్న మా వంటింట్లో కరెంటు చిమ్నీ బిగించడానికి వచ్చిన కుర్రాడు అట్టపెట్టె విప్పగానే కొత్త రేకు వాసనా, రంగు వాసనా కలిసి గుప్పుమన్నాయి గాని, నా ముక్కుకు మాత్రం ఎండు తుమ్మకట్టె కాలే వాసన, దాని వెనకే సన్నగా సాంబ్రాణి వాసన తగిలాయి. కుర్రాడు గొట్టం చుట్ట విప్పి గోడకేసి చూసి, "మామ్మగారూ, ఈ కిటికీ పక్కనే బెజ్జం కొట్టి బయటికి వదిలేస్తా. గొట్టం మిగుల్తది, మీకు ఖర్చు తగ్గుద్ది" అన్నాడు. ఖర్చు తగ్గుద్దన్న మాట చెవిన పడితే నిద్రలోనైనా లేచి కూర్చునే వంశం మాది. అయినా నేను ఆ కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాను. నా కొడుకు నా ముఖం వంక వింతగా చూశాడు.

మా వంశం సంగతి కాస్త చెప్పాలి. గురజాల బజారులో మా నాయనది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ గోనెసంచుల గోడ. బెల్లం దిమ్మల మీద కందిరీగల రొద, ఆముదం డబ్బా చుట్టూ జిడ్డుతో నల్లబడ్డ నేల, ధనియాల బస్తా మూతి విప్పితే వచ్చే చల్లటి వాసన, మిరప బస్తా కదిలిస్తే వీధి చివరిదాకా తుమ్ములు, వీటి మధ్య పెరిగాను నేను. సెట్టిగారింట్లో పిల్లలు "అమ్మా" అనేకంటే ముందు "ఇంకొంచెం తగ్గించు" అనడం నేర్చుకుంటారని బజారంతా వెక్కిరించేది. పూర్తిగా అబద్ధమని చెప్పలేను. అచ్చంగాయల ఆటలో ఓడిపోతే ఓటమి మీద కూడా బేరమాడి, సగం ఓటమికి ఒప్పించి గాని లేచేదాన్ని కాదు. దేవుడికి మొక్కుకున్నా కొబ్బరికాయ దగ్గర మొదలుపెట్టి అరచెక్క దగ్గర తేల్చేదాన్ని.

వెనక వంటిల్లు మాత్రం వేరే లోకం. నాపరాళ్ళు పరిచిన మిద్దె, పిల్లి దూరేంత కిటికీ, మసి పట్టి తారు పూసినట్టు నిగనిగలాడే దూలాలు. వానాకాలం తడికట్టె చుయ్యిమంటూ చివర్ల నుంచి నురగ కక్కుతుంటే అమ్మ ఊదుగొట్టం పట్టుకుని, కళ్ళ నీళ్ళు భుజానికి తుడుచుకుంటూ, అన్నం ఉడికేదాకా ఊదుతూనే ఉండేది. చలికాలం కందికట్టె చిటపటలాడుతుంటే పొయ్యి ముందు కూర్చుని సజ్జరొట్టె కాల్చుకు తినడం మాకు పండగే గాని, ఆ పండగంతా నడుము కింద మాత్రమే. లేచి నిలబడితే తల పొగలోకి వెళ్ళేది. మిరపకట్టె పెట్టిన రోజున, దానికి ఎక్కడో ఒక ఎండుకాయ అంటుకుని ఉంటే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ కోరెక్కి, కొట్లో బేరానికొచ్చినవాళ్ళు సైతం దగ్గుతూ పారిపోయేవాళ్ళు. బేరం పోయిన కోపంతో నాయన వంటింటి వైపు తిరిగి ఒక్క కేక వేసేవాడు. అమ్మ జవాబు చెప్పేది కాదు. నెమ్మదస్తురాలని అందరూ మెచ్చుకునేవాళ్ళు. మాట్లాడడానికి ఆమెకు ఊపిరి చాలడం లేదని ఎవరికీ తట్టలేదు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక చలికాలం అమ్మకు ఉబ్బసం ముదిరింది. గోడకు ఆనుకుని కూర్చుంటే పిల్లంగోవిలాంటి చప్పుడు ఆమె గుండెల్లోంచి వచ్చేది. వైద్యుడు చెయ్యి పట్టుకు చూసి, వంటింట్లోకి తొంగి చూసి, "ఈ పిల్ల ఆ పొయ్యి ముందు కూర్చున్నంత కాలం నా మందు బూడిదలో పోసినట్టే. పుట్టింటికన్నా పంపండి, పొగనన్నా పంపండి" అని సంచీ సర్దుకున్నాడు. సత్తెనపల్లిలో అమ్మ పుట్టింటివాళ్ళు ఎడ్లబండి కట్టుకుని రావడానికి సిద్ధంగా ఉన్నారు. వెళితే నన్నూ చంటి తమ్ముణ్ణీ తీసుకుని వెళ్ళాలి. వెళ్ళాక ఎప్పుడు తిరిగి వస్తుందో, అసలు వస్తుందో రాదో, ఎవరూ పైకి అనలేదు గాని నాకు అర్థమైంది. జీవితంలో మొదటిసారి ఎవరితో బేరమాడాలో తెలియక, గోనెసంచుల చాటున కూర్చుని ఏడ్చాను.

ఇక్కడ మా నాయనమ్మ రావాలి. సన్నగా, ఎత్తుగా, నడుముకు తాళాల గుత్తితో, ముక్కుపొడి పీలుస్తూ ఉండే మనిషి. కోడలి దగ్గు పని తప్పించుకునే వేషమని ఆవిడ మొదట్లో గట్టిగా నమ్మింది. "ఏమే, నేను ముప్పయ్యేళ్ళు వండలా ఆ పొయ్యి మీద? నాకేమైంది?" అంటూ కోడల్ని పక్కకి జరిపి తనే పీట వేసుకు కూర్చుంది. వారం తిరక్కముందే కళ్ళు చింతనిప్పులై, ముక్కుపొడి డబ్బా ఎక్కడుందో కనిపించక తడుముకుంటూ బయటికొచ్చి, "ఇది పొయ్యి కాదే, బొగ్గుల ఆవం" అని తీర్పు చెప్పింది. తన మాట తానే కొట్టేసుకోగలిగిన పెద్దవాళ్ళను నేను తరవాత ఎక్కువమందిని చూడలేదు.

ఊరి చివర పాదిరీల మిషను బంగళాకు మా కొట్టు నుంచే పప్పులు వెళ్ళేవి. ఆ నెల నాయనమ్మ తనే బండిలో కూర్చుని వెళ్ళింది. వంటమనిషి ఏస్తేరమ్మ పప్పు కొలిపించుకుంటుంటే ఈవిడ పెరటి గుమ్మంలో నిలబడి లోపలి గోడలు చూసిందట. సున్నం వేసిన గోడలు వేసినట్టే ఉన్నాయి. కట్టెల పొయ్యి భగభగ మండుతోంది. పొగ జాడే లేదు. "ఏంది ఏస్తేరూ, మీ పొగ యాడికి పోతంది?" అంటే, "ఆకాశానికి పోతంది అమ్మగారూ, దానికి దారి ఉంది" అని ఆమె పొయ్యి మీదినుంచి మిద్దె దాటి వెళ్ళిన ఇటుకల గొట్టం చూపించింది. నాయనమ్మ గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, పొయ్యి చల్లారిందాకా ఆగి, వంగి, ఆ గొట్టంలోకి తల పెట్టి పైకి చూసింది. రూపాయి బిళ్ళంత ఆకాశం కనిపించిందట. ఆ వంటింట్లో అడుగు పెట్టినందుకు, ఆ కాలపు మడి ప్రకారం, ఇంటికి రాగానే తలకు పోసుకుంది గాని, చూసొచ్చిన గొట్టాన్ని మాత్రం కడిగి పారేయలేదు.

తాపీమేస్త్రీ కోటయ్య వచ్చాడు. పొయ్యి వెనక గోడ మందం చూశాడు, మిద్దెలో నాపరాయి తీయాల్సిన చోటు చూశాడు, చెక్కదూలానికి గొట్టం తగలకూడదని జానెడు ఎడం విడిచి బొగ్గుతో గీత గీశాడు. "మిద్దె మీద నిలువెత్తు లేపాల సెట్టిగారూ" అన్నాడు. అదిగో, అక్కడ మా నాయనలో వంశం లేచింది. "కోటయ్యా, లోపల ఎంత కావాలో అంత కట్టు. పైన ఎవడు చూడొచ్చాడయ్యా? మోకాలెత్తు చాల్దూ?" అన్నాడు. కోటయ్య నడుమెత్తుకు దిగాడు. నాయన లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాడు. చివరికి మోకాలి మీద బెత్తెడు దగ్గర తెగింది. బేరం బాగా చేశాడని నేను నా నాయనకేసి ఎంత గర్వంగా చూశానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

గానుగ సున్నంతో కట్టిన గొట్టం ఆరేసరికి ఉగాది వచ్చింది. పొయ్యికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాలు పొంగించారు. పొగ ఒకసారి తటపటాయించి, పెళ్ళికూతురిలా తల వంచుకుని గొట్టంలోకి వెళ్ళిపోయింది. బూరెల మూకుడు చుట్టూ మేమందరం నిలబడ్డాం. నిలబడ్డాం! తలెత్తి చూస్తే, పొయ్యి మండుతుండగా మా వంటింటి పైకప్పు మొదటిసారి కనిపించింది. అమ్మ కూర్చుని, ఊదకుండా, బూరెలు తీస్తూ ఉంది.

ఆ సంబరం పడమటి గాలి లేచేదాకానే. పల్నాడు ఎండాకాలం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఆ గాలి పొయ్యిలోంచి తీసినట్టు వస్తుంది. మాకు తూర్పున మస్తానమ్మ పిన్ని ఇల్లు. రెల్లుగడ్డి కప్పు, మా మిద్దె కంటే ఎత్తు కొప్పు. గాలి ఆ కప్పుకు కొట్టుకుని వెనక్కి తిరిగి, మా మోకాలెత్తు గొట్టంలోంచి పొగను కిందికి తోసేసింది. వంటిల్లు ఒక్క క్షణంలో పాత వంటిల్లైంది. అమ్మ గుమ్మం పట్టుకుని బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. గుండెల్లో పిల్లంగోవి మళ్ళీ మొదలైంది. అదే సమయానికి పక్కింటి నుంచి కేక.

"పెద్దమ్మా! మీ గొట్టం నా కొంప మీద నిప్పులు ఊస్తంది!"

ఒక్క నిప్పురవ్వ. రెల్లు మీద పడి సన్నగా పొగ లేస్తోంది. మస్తానమ్మ పిన్ని తడిగోనె పట్టుకుని నిచ్చెనెక్కి దాన్ని అణిచేసింది. అరచేయంత నల్లమచ్చ, అంతే. కాని ఆ ఎండలో, ఆ గాలిలో, మరో నిమిషం ఆలస్యమైతే వీధంతా పోయేది. నిచ్చెన మీదినుంచే ఆమె నాయన్ని కడిగిపారేసింది. "మీ బేరాలు కొట్లో ఆడుకో అన్నా, నా కప్పు మీద కాదు!"

నాయన తల దించుకున్నాడు. ఆ సాయంత్రం గొట్టం కూలగొట్టించేద్దామన్నాడు; సత్తెనపల్లికి కబురు పెడదామని కూడా అన్నాడు. నాయనమ్మ ఒక చిటికెడు ముక్కుపొడి పీల్చి, "నీకు బేరం తెలుసురా, తూకం తెలవదు. రేపు తూస్తా" అంది.

మర్నాడు గాలి లేచే వేళకు మిద్దె ఎక్కింది. వంటింట్లో పొయ్యి ఆరి ఉంది. పొడుగాటి వెదురు గడ చివర చిన్న మట్టిమూకుడు కట్టించి, అందులో రెండు నిప్పులు, వాటిమీద కొట్లోంచి తెచ్చిన సాంబ్రాణి. నిప్పు ఎగరకుండా పైన చిల్లుల మూత. నన్ను పక్కింటి నిచ్చెన మీద, పిన్ని కొప్పు పక్కన, తడిగోనెతో సహా నిలబెట్టింది. పడకుండా పిన్ని కిందినుంచి నా కాళ్ళు పట్టుకుంది. నాయనమ్మ గడ కొంచెం ఎత్తగానే సాంబ్రాణి పొగ గాలికి వంగి నేరుగా నా ముఖానికి కొట్టింది.

"తగుల్తందా?"

"తగుల్తంది నాయనమ్మా!"

ఇంకొంచెం ఎత్తింది. పొగ కొప్పును తాకి చీలిపోయింది. "ఇప్పుడో?" "కొప్పుకు తగుల్తంది!" బజారులోవాళ్ళు కొట్లు వదిలి వచ్చి చూస్తున్నారు, ఎవరో "సెట్టెమ్మ వానదేవుడికి ధూపమేస్తందిరోయ్" అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. గడ పక్కకి ఒరుగుతుంటే నాయన వచ్చి దాని మొదలు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తుతూ, ఎత్తుతూ పోయారు. ఒకచోట పొగ చాచిన తాడులా నా తల మీదుగా, కొప్పు మీదుగా, ఎక్కడా వంగకుండా తూర్పుకు వెళ్ళిపోయింది. "తగల్లా! తగల్లా నాయనమ్మా!" అని నేను నిచ్చెన మీద గంతేస్తే పిన్ని నా పిక్క మీద ఒక్కటి వేసింది.

గడ మీద సున్నంతో గీత గీశారు. కోటయ్య వచ్చి చూసి తల గోక్కున్నాడు. ఆ గీత అతను మొదట అడిగిన నిలువెత్తు కంటే కూడా పైనే ఉంది. నాయన అలవాటుగా నోరు తెరిచాడు. నాయనమ్మ అతనికేసి చూసింది. నోరు మూసుకున్నాడు. మా వంశచరిత్రలో అట్లాంటిది అదే మొదలు.

గొట్టం గీత దాకా లేచింది. నిప్పురవ్వలు ఎగరకుండా, యుద్ధపు రోజుల్లో ఇనుము బంగారమైపోయినా, నాయనమ్మ ధనియాలు జల్లించే ఇనప జల్లెడ తీసుకెళ్ళి గొట్టం నెత్తిన బిగించింది. ఇక ఆ పొయ్యికి ఆవిడ పెట్టిన కట్టుబాట్లు మా ఇంట్లో వేదం. తడికట్టె లోపలికి రాకూడదు. దానికి మంట తక్కువ, జిగురు మసి ఎక్కువ, ఆ మసి గొట్టంలో పేరుకుని ఒకరోజు తానే అంటుకుంటుంది. నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, తాడుకు రాయీ ఈతకొమ్మల కట్టా కట్టి పైనుంచి దింపి గొట్టం తోమాలి, జల్లెడ దులపాలి. పొయ్యి పక్కన ఇసక కుండా నీళ్ళ కుండా ఎప్పుడూ నిండుగా ఉండాలి. పైట దోపుకోకుండా పీట మీద కూర్చుంటే ఊదుగొట్టంతో వీపున ఒక దెబ్బ. అగ్గిపెట్టె దొరకడం గగనమైన ఆ రోజుల్లో వీధంతా మా ఇంటికే నిప్పుకు వచ్చేది. కుండపెంకులో బూడిద కప్పి ఇచ్చేవాళ్ళం. నాయనమ్మ శుక్రవారమైనా ఇచ్చేది గాని, పడమటి గాలి లేచాక మాత్రం అడిగినవాళ్ళు ఎవరైనా సరే, "నిప్పు గడప దాటదు, కావాలంటే అన్నం పట్టుకుపో" అనేది.

అమ్మ సత్తెనపల్లి వెళ్ళలేదు. వానలు పడేసరికి ఆమె గుండెల్లో పిల్లంగోవి ఆగింది. అప్పుడు తెలిసింది మాకు, మా అమ్మ నెమ్మదస్తురాలేమీ కాదని. ఊపిరి ఆడేసరికి ఆమెకు మాటలొచ్చాయి. మాటకు మాట, సామెతకు సామెత. అత్తాకోడళ్ళు పొయ్యికి చెరోవైపు కూర్చుని పొద్దుటినుంచి మాపటిదాకా వాదించుకునేవాళ్ళు. "అత్తా, ఆ గొట్టం కట్టించకపోతే ఈ బాధ నీకు తప్పేదిగా" అంటే, నాయనమ్మ "నా ఖర్మ, తూకమేసి మరీ కొనుక్కున్నా" అని ముక్కుపొడి పీల్చేది. నేను కొట్లో కూర్చుని ఆ పోట్లాటలు వింటూ జొన్నలు కొలిచేదాన్ని. ప్రపంచంలో అంత కమ్మటి చప్పుడు లేదనిపించేది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. రెల్లు కప్పులు లేవు, నిప్పుకోసం పెంకు పట్టుకుని గుమ్మంలో నిలబడే మనుషులు లేరు. ఏ ఇంటి మీద పొగ ఎప్పుడు లేచిందో చూసి, లేవని ఇంటికి వెళ్ళి, "ఏం పిన్నీ, ఇయ్యాల పొయ్యి ఎలిగించలా?" అని అడిగే అలవాటూ లేదు.

నేను లేచి దేవుడి గూట్లోంచి అగరొత్తి తీసి వెలిగించుకుని, కిటికీలోంచి కుర్రాడు గొట్టం వదులుతానన్న చోట చెయ్యి చాపి పట్టుకున్నాను. పొగ వంగి నేరుగా పక్క ఫ్లాటు వంటింటి కిటికీలోకి వెళ్ళింది. అక్కడ ఎవరుంటారో నాకు తెలియదు. మేం వచ్చి ఏడాదైంది.

"బాబూ, గొట్టం మిగలొద్దు. కిటికీల పైదాకా తీసుకెళ్ళు" అన్నాను.

"ఎగస్ట్రా పడుద్ది మామ్మగారూ."

"పడనీ."

నా కొడుకు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. కుర్రాడు గొట్టం పట్టుకుని కిటికీ అవతల బాల్కనీలో నిచ్చెన ఎక్కుతుంటే, పక్క కిటికీ రెక్క తెరిచి, చేతినిండా పిండితో ఒక అమ్మాయి తల బయటికి పెట్టింది.

"ఏంది మామ్మగారూ, కిటికీలో పూజ చేస్తన్నారా?"

"కాదు తల్లీ. కాస్త అక్కడే నిలబడు," అని అగరొత్తి కుర్రాడికి అందించి, పైకి పట్టుకోమన్నాను. "ఇప్పుడు చెప్పు, తగుల్తందా?"

ఆమె మెడ సాచి, గాలి పీల్చి, నవ్వింది.

"తగల్లా మామ్మా. పైనుంచి పోతంది."